తొడ మీద అరచేయంత మంట, గుండెలో తప్పిన దెబ్బ

ప్రశ్న:

డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 43. చీరాల దగ్గర ఒక ఊళ్ళో ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. ఎనిమిది నెలలుగా ఒంట్లో ఏవేవో వింతగా అవుతున్నాయి. కుడి తొడ బయటివైపు అరచేయంత మేర మొద్దుబారినట్టు ఉంటుంది, అంతలోనే సుర్రుమని మండుతుంది. నిలబడి కటింగ్ చేస్తుంటే ఎక్కువ, మిషన్ దగ్గర కూర్చుంటే కాస్త నయం. నిద్ర పట్టబోయే సమయానికి మెట్టు మీంచి జారినట్టు ఉలిక్కిపడి లేస్తాను. రెండుసార్లు తలలో తలుపు దబాలున వేసినంత చప్పుడు వినిపించింది, పక్కనే ఉన్న మా ఆయనకు వినపడలేదట. మధ్యమధ్య గుండె ఒక దెబ్బ తప్పి, ఆగిపోయిందేమో అనుకునేలోపు దబ్బుమని కొట్టుకుంటుంది. ఈసీజీ, షుగర్, థైరాయిడ్ అన్నీ నార్మల్ అన్నారు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు నరాల బలహీనత అని సెలైన్, బలం ఇంజెక్షన్లు ఇస్తున్నారు. అత్తగారు గాలి సోకిందంటారు. మా ఆయన ‘అన్నీ బాగానే ఉన్నాయన్నారుగా, ఊరికే ఆలోచించకు’ అంటారు. మా పెద్దమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు మొదట కాలే మొద్దుబారింది. నాకూ అదే వస్తోందా? లేకపోతే పిచ్చి పడుతోందా? శ్రావణమాసం బ్లౌజులు ఒప్పుకోవాలో మానేయాలో కూడా తెలియడం లేదు. పేరు వేయకండి.

సమాధానం:

అమ్మా,

ముందు పక్షవాతం సంగతి మాట్లాడుకుందాం. మీరు దాన్ని ఉత్తరం చివర్లో రాశారు గానీ, ఎనిమిది నెలలుగా మిమ్మల్ని తినేస్తున్న భయం అదేనని చదువుతుంటేనే తెలుస్తోంది.

పక్షవాతం ఉన్నట్టుండి వస్తుంది. చూస్తూ చూస్తుండగానే మూతి ఒక పక్కకు పోతుంది, చెయ్యి పైకెత్తితే నిలవదు, మాట ముద్దగా వస్తుంది, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పుతాయి. తొడ మీద ఒకే చోట నెలల తరబడి మండుతూ, నిలబడితే పెరిగి కూర్చుంటే తగ్గే తీరు దానిది కాదు. మీ పెద్దమ్మ గారికి ఎలా వచ్చిందో దగ్గరుండి చూసినవాళ్ళని ఒకసారి అడగండి. కాలు మొత్తమా, ఒక్క చోటేనా? ఒక్కసారిగానా, నెలల పాటా? ఆ జవాబు విన్నాక మీకే కొంత ధైర్యం వస్తుందని నా నమ్మకం.

ఇక తొడ. ఉత్తరం చదివి జబ్బు ఇదేనని తేల్చేయడం ఏ డాక్టరూ చేయకూడని పని. కానీ మీరు రాసిన నాలుగు ముక్కలు చాలా పనికొచ్చేవి: బయటివైపు, అరచేయంత, నిలబడితే ఎక్కువ, కూర్చుంటే నయం. అవి చదవగానే నాకు ఒక నరం గుర్తొచ్చింది. మీ నడుముకి ముందు పక్కన, రెండు వైపులా చేతికి ఎముక మొన తగులుతుంది చూడండి. వెన్ను దగ్గర బయల్దేరిన ఒక సన్నటి నరం ఆ మొన పక్కగా, గజ్జల దగ్గరుండే గట్టి పట్టీ కింద నుంచి దూరి తొడలోకి దిగుతుంది. తొడ బయటివైపు చర్మానికి ఏం తగిలిందో, వేడో చల్లో, మెదడుకి కబురు చేయడమే దాని పని. కండరాలతో దానికి పనే లేదు. అందుకని అది ఎంత నలిగినా కాలు పడిపోదు. ఆ ఇరుకు దారిలో నరం ఒత్తుకుపోతే కబుర్లు తప్పుగా వెళ్తాయి. ఏమీ తగలకుండానే మంట పుడుతుంది, చీర తగిలినా చర్మం మనది కానట్టు ఉంటుంది. దీన్ని వైద్యంలో మెరాల్జియా పరెస్థెటికా అంటారు. ఈ పేరు 1895 నాటిది. మనసు గురించి అంత రాసిన సిగ్మండ్ ఫ్రాయిడ్‌కి కూడా ఇదే ఉండేది, అదే ఏడాది తన తొడ గురించే ఒక వ్యాసం రాశాడు.

నరాన్ని ఒత్తేవి ఏమిటి? బిగుతైన బట్టలు, బెల్టులు, పెరిగిన బరువు, ఎక్కువసేపు నిలబడడం. షుగర్ ఉన్నవాళ్ళలో ఇంకాస్త ఎక్కువగా చూస్తాం, మీకది లేదన్నారు. మన ఆడవాళ్ళ విషయంలో నేను ముందు అడిగేది లంగా బొందు గురించి. ఈ రాత్రి చీర మార్చుకునేటప్పుడు అద్దం ముందు నిలబడి చూసుకోండి. నడుం చుట్టూ ఎర్రగా గాడి పడిందా? ఆ గాడి, ముఖ్యంగా ముడి పడేచోటు, కుడివైపు ఎముక మొన మీదకి వస్తోందా? రెండోది కటింగ్ టేబుల్. గుడ్డ మీదకి వంగి కత్తెర వేసేటప్పుడు టేబుల్ అంచు మీకు ఎక్కడ ఒత్తుతోంది? కుడిచేతి వాటమైతే ఒరిగేది కుడివైపుకే కదా.

బొందు బదులు వెడల్పు పట్టీ ఉన్న లంగా మీరే కుట్టుకోండి, మీకది అరగంట పని. ముడి ఎముక మీదకి కాకుండా పొట్ట మధ్యకో వెనక్కో రానివ్వండి. ఇంట్లో ఉన్నప్పుడు వదులు బట్టలే వేసుకోండి. ఈ ఏడాది బరువు పెరిగి ఉంటే కొంచెం తగ్గినా తేడా తెలుస్తుంది. చాలామందికి ఇంతమాత్రంతోనే వారాల్లోనో కొన్ని నెలల్లోనో సర్దుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఆ చోట వేడినీళ్ళ కాపడం పెట్టకండి. మొద్దుబారిన చర్మానికి వేడి ఎంతో తెలియదు, బొబ్బలెక్కేదాకా గ్రహించలేరు.

ఇంకో చిన్న పని చేయండి. మీ దగ్గర మార్కింగ్ సుద్ద ఉంటుంది, కాకపోతే బాల్‌పెన్ను తీసుకోండి. దూది ముక్కతో తొడ మీద మెల్లగా రాసుకుంటూ వెళ్ళి, మామూలు స్పర్శ ఆగి తేడా మొదలైన చోటల్లా చుక్క పెట్టండి. చుక్కలన్నీ కలిపితే ఒక ఆకారం వస్తుంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా అలాగే గీయండి. ప్రతిసారీ దాదాపు అదే ఆకారం వస్తే అది ఒక నరం ఏలుబడిలో ఉన్న చోటని అర్థం. గీత చెరపకుండా డాక్టరుకి చూపించండి. ఆయన మోకాలి మీద సుత్తితో తట్టి చూస్తారు, కాలి బలం చూస్తారు. ఆ రెండూ బాగుంటే చాలావరకు స్కానింగ్ అవసరం కూడా ఉండదు. అదే మొద్దుబారడం మోకాలు దాటి కిందికి దిగినా, కాలు తడబడుతున్నా, నడుంనొప్పి కాల్లోకి పాకుతున్నా వెన్నుని చూడాల్సి వస్తుంది.

మీరు ఉత్తరంలో ‘సుర్రుమని’ అని రాశారు. మరి డాక్టరు దగ్గర ఏమని చెప్పారు? నేను చూసినంతలో చాలామంది ఆ కుర్చీలో కూర్చోగానే సొంత మాటలు వదిలేసి ‘వీక్‌నెస్ అండి’, ‘గ్యాస్ అండి’, ‘నీరసం’ అంటారు. ఆ మాటలు విని ఎవరు మాత్రం ఏం పట్టుకోగలరు? తెలుగులో ఒంటి బాధకి ఎన్ని మాటలున్నాయో చూడండి. చీము పట్టిన వేలు సలుపుతుంది. తల పోటు పెడుతుంది. జ్వరం వచ్చేముందు ఒళ్ళు తీపులు. పిక్క పట్టేస్తుంది, కొంకర్లు పోతుంది. పొట్టలో నులి పెడుతుంది. పన్ను జివ్వుమంటుంది. మోచెయ్యి గోడకి తగిలితే చిటికెన వేలి దాకా జిల్లుమంటుంది. తెలంగాణలో నరం గుంజుతోందంటారు, మన వైపు లాగుతోందంటారు. వీటిలో ఒక్కటీ ఇంకోదానికి బదులు రాదు. 1975లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ మెల్జాక్ అనే ఆయన నొప్పిని చెప్పే 78 మాటల్ని 20 గుంపులుగా చేర్చి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. రోగి ఏ మాట ఎంచుకున్నాడన్నది వైద్యానికి ఆధారమని ఆయన లెక్క. మనకి ఆ మాటలన్నీ వంటింట్లోనే ఉన్నాయి, ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్ళం.

దీని మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, ఒక తప్పు నా చేతుల మీదుగానే జరిగింది. డాక్టరుగా కొత్త రోజులు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన ‘కాళ్ళ కింద దూది పరిచినట్టుందయ్యా, నడుస్తుంటే చెప్పు ఎక్కడ ఊడిపోయిందో తెలియదు’ అన్నాడు. వయసు మీద పడిందిలే అనుకుని బలం మాత్రలు రాసి పంపేశాను. రెండు నెలలకి చీకట్లో పడి మళ్ళీ వచ్చాడు. అప్పుడు మా పెద్ద డాక్టరు గారు ఆయన చేత కళ్ళు మూయించి నిలబెట్టారు, నిలవలేక ఊగిపోయాడు. ఏళ్ళ తరబడి షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు, పైగా శాకాహారి, రెండింటివల్లా నరాలకి కావలసిన బి12 విటమిన్ ఒంట్లో బాగా తగ్గిపోయింది. ఆయన మొదటి రోజే నాకు జబ్బు మొత్తం చెప్పేశాడు. ‘దూది’ అన్నాడు, ‘చెప్పు’ అన్నాడు. నేను వినలేదు. ఆ ముసలాయన కాళ్ళు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంటాయి.

అందుకే ‘నరాల బలహీనత’ అన్న మాట వింటే నాకు మనసు ఒప్పదు. మన వాడుకలో చేతి మీద ఉబ్బిన రక్తనాళమూ నరమే, మడమ వెనక గట్టి తాడులాంటిదీ నరమే, మెదడు నుంచి వచ్చే అసలు నరమూ నరమే. అన్నీ ఒకే మాటలో పడేశాక బలహీనమైంది ఏదో ఎవరికి తెలుస్తుంది? సెలైన్ సీసాలో ఉండేది ఎక్కువగా ఉప్పునీరు. ఎక్కించుకున్నాక ఆ పూట హుషారుగా అనిపించవచ్చు గానీ ఒత్తుకున్న నరాన్ని అది విడిపించలేదు. ఇస్తున్న ఇంజెక్షన్ల పేర్లు చీటీ మీద రాసివ్వమని ఆర్ఎంపీ గారిని మర్యాదగానే అడగండి. రాసిచ్చేదాకా ఇంకోటి వేయించుకోకండి.

గుండె సంగతి. మీరు రాసిన వరస చాలా సరిగ్గా ఉంది: దెబ్బ తప్పడం, ఆగినట్టు ఉండడం, తర్వాత దబ్బుమనడం. లోపల జరిగేది ఇది. ఒక దెబ్బ తన వంతు రాకముందే తొందరపడి పడుతుంది. అప్పటికి గుండె గదిలో రక్తం పూర్తిగా నిండదు కాబట్టి ఆ దెబ్బ చిన్నది, మీకు తెలియను కూడా తెలియదు. దాని తర్వాత కొంచెం ఎక్కువ విరామం వస్తుంది. ఆ విరామంలో రక్తం మామూలుకంటే ఎక్కువ నిండుతుంది, తర్వాతి దెబ్బ అంత గట్టిగా పడుతుంది. గుండె ఆగిందని మీరు భయపడిన ఆ క్షణంలో అది ఆగలేదమ్మా, నిండుతోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ ఇలాంటి దెబ్బలు పడుతుంటాయి. నిద్ర చాలకపోయినా, టీ ఎక్కువైనా, టెన్షన్ ఉన్నా ఇంకా ఎక్కువ పడతాయి.

ఈసీజీలో ఎందుకు రాలేదంటారా? మామూలు ఈసీజీ గుండెని చూసేది ఇంచుమించు పది సెకన్లు. ఆ పది సెకన్లలో దెబ్బ తప్పకపోతే కాగితం మీదకి రాదు. రోజూ చాలాసార్లు వస్తుంటే 24 గంటలు ఒంటికి కట్టి ఉంచే హోల్టర్ పరీక్ష ఉంది, అడగండి. మీ పరీక్షల్లో హిమోగ్లోబిన్ మాట కనపడలేదు, నాకు అది కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైతే గుండెదడ వస్తుంది. ఈ వయసులో నెలసరి ఎక్కువగా అవుతుంటే మరీ చూసుకోవాలి. బి12 కూడా ఒకసారి చేయించండి.

రాత్రి ఉలికిపాటు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెలకువ నుంచి నిద్రలోకి జారేటప్పుడు కండరాలు ఒక్కసారి అదురుతాయి, దాంతోపాటే పడిపోతున్నట్టు ఒక కల మెరుస్తుంది. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. తలలో చప్పుడు మాత్రం అంత తెలిసిన సంగతి కాదు, అందుకే జనం బయటికి చెప్పుకోరు. 1920లోనే ఒక బ్రిటిష్ వైద్యుడు దీని గురించి రాశాడు. 1988లో పియర్స్ అనే నరాల వైద్యుడు ‘పేలుతున్న తల’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పేరు భయంకరంగా ఉంది గానీ దీనివల్ల మెదడుకి హాని జరగదు. నొప్పి ఉండదన్నదే దీని గుర్తు. చప్పుడుతో పాటు తల పగిలిపోయేంత నొప్పి ఉన్నట్టుండి వస్తే అది వేరే విషయం, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో, వరసగా మూడో నైట్ డ్యూటీ తర్వాత నాకూ ఒక తెల్లవారుజామున మెలకువ వచ్చింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఫ్యాన్ తిరగడం కనపడుతోంది, వేలు కదపలేను, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. అరుద్దామంటే గొంతు రాలేదు. కల వచ్చే నిద్రలో మెదడు ఒంటిని కదలకుండా పట్టి ఉంచుతుంది, మెలకువ వచ్చినా ఆ పట్టు ఇంకా వదలకపోతే ఇలా అవుతుంది, ఒకటి రెండు నిమిషాల్లో పోతుంది. ఇదంతా పుస్తకంలో చదువుకున్నవాణ్ణే. అయినా ఆ వేళ నాకు చెమటలు పట్టాయి. మీ అత్తగారి తరం దాన్ని దయ్యం అనుకుందంటే నేను తప్పు పట్టను. ఆమె ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, అది ఆమెకి మీ మీదున్న ప్రేమ. భూతవైద్యుడికి డబ్బు కట్టడం, ఉపవాసాలుండడం మాత్రం వద్దు.

మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. రిపోర్టు నార్మల్ అంటే, డాక్టరు అనుమానించి వెతికిన ఆ మూడు జబ్బులూ కనపడలేదని. మీకు మంట లేదని అందులో ఎక్కడా రాసి ఉండదు.

మరి ఇవన్నీ ఒక్కసారే ఎందుకు చుట్టుముట్టాయి? మీ పనిలోంచే చెప్తాను. మిషన్ కుడుతుండగా చప్పుడులో రవ్వంత తేడా వస్తే మీరు చూడకుండానే దారం తెగబోతోందని పట్టేస్తారు. పక్కన కూర్చున్నవాళ్ళకి ఆ తేడా వినపడదు. అది మీ చెవికి అలవాటైన శ్రద్ధ. పెద్దమ్మ గారి సంగతి మనసులో పడ్డాక అదే శ్రద్ధ ఒంటి మీదకి తిరిగింది. ఇదివరకూ గుండె దెబ్బలు తప్పి ఉంటాయి, అప్పుడు మీరు వినలేదు. ఇప్పుడు వింటున్నారు. విన్నప్పుడు భయం, భయానికి నిద్ర పోవడం, నిద్ర లేకపోతే మర్నాడు నాలుగు టీలు, వాటితో మళ్ళీ గుండెదడ, ఉలికిపాటు. భయంలో ఊపిరి వేగంగా తీస్తే ఒంట్లో బొగ్గుపులుసు గాలి తగ్గి పెదాల చుట్టూ, వేళ్ళ చివర్లా తిమ్మిరెక్కుతుంది కూడా. అలా వస్తే కంగారు పడకుండా ఊపిరి మెల్లగా వదలండి. పిచ్చి పట్టిన గుర్తు మీ ఉత్తరంలో నాకు ఒక్కటీ కనపడలేదు. అయినా రాత్రిళ్ళు భయం ఆగకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

కొన్నింటికి మాత్రం పుస్తకాలూ ఉత్తరాలూ కుదరవు, 108కి ఫోన్ చేయాల్సిందే. మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యో కాలో ఉన్నట్టుండి పట్టు తప్పడం, మాట తడబడడం. ఛాతీలో బరువూ చెమటలూ, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకడం. గుండె దడదడలాడుతూ కళ్ళు తిరిగి పడిపోవడం. రెండు కాళ్ళూ మొద్దుబారుతూ గంటల్లో, రోజుల్లో పైకి పాకడం. కూర్చునే చోట స్పర్శ పోయి మూత్రం తెలియకుండా అవడం. ఈ వరస మీ ఆయనకీ చెప్పి ఉంచండి.

మిగతా వాటికి ఒక పాత కొలతల పుస్తకం తీసుకోండి. రోజుకి రెండు ముక్కలు చాలు. ‘సోమవారం, పదకొండు నుంచి ఒంటిగంట దాకా కటింగ్, తొడ సుర్రుమంది. కూర్చున్న పావుగంటకి తగ్గింది. సాయంత్రం రెండు టీలు. పడుకున్నాక గుండె మూడుసార్లు తప్పింది.’ ఇలా మీ మాటల్లోనే, వైద్యం మాటలు కలపకుండా. మూడు వారాలు రాశాక ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. కూర్చోగానే ‘నీరసం’ అనకండి. ‘మా పెద్దమ్మకి వచ్చినట్టు పక్షవాతం వస్తుందేమోనని భయంగా ఉంది’ అని ముందు ఆ మాట అనేయండి, తర్వాత పుస్తకం తెరవండి.

శ్రావణమాసం బ్లౌజులు ఒప్పుకోండి. ఎన్ని కుట్టగలరో లెక్క వేసుకుని అంతవరకే. టేబుల్ కాళ్ళ కింద ఇటుకలు పెట్టి, అంచు గజ్జల్లో ఒత్తనంత ఎత్తు చేసుకోండి. గంటకోసారి కత్తెర పక్కన పెట్టి కాసేపు కూర్చోండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ వద్దు. రాత్రి పదింటికల్లా, కుట్టు సగంలో ఉన్నా సరే, మిషన్ మీద గుడ్డ కప్పేయండి.